మా చర్చి కంప్యూటర్‌కి నేను పెట్టిన కాపలా

పోయిన శనివారం ఏం జరిగిందో చెబుతాను. నవ్వితే నవ్వండి, పట్టించుకునే ఓపిక కూడా లేదు నాకిప్పుడు. ఒక పెళ్ళిని కొంచెంలో చావు కూటంగా మార్చేశాను. కావాలని కాదు. ఆ పెళ్ళికి ఏ ఇబ్బందీ రాకూడదని ఎండన పడి వెళ్ళి, నా చేతులతో నేను చేసిన పని వల్లే.

నేను స్కూల్లో కంప్యూటర్ టీచర్ని, తెలుసు కదా. రాయ్‌పూర్‌లో మన తెలుగు వాళ్ళ మధ్య కంప్యూటర్ టీచర్ అంటే ఏమిటో కూడా తెలుసు. ప్రింటర్ ఆగిపోతే జ్యోతి. ఆధార్‌లో ఫోన్ నంబర్ మారకపోతే జ్యోతి. మా వీధిలో ఒకావిడ వాషింగ్ మెషీన్ మీద ఏదో ఎర్రర్ నంబర్ వస్తోందని ఫోటో తీసి పంపింది. ఇది నా పని కాదండీ అంటే, "నీకు కోడింగ్ వచ్చు కదమ్మా" అంది. నేను ఆరో క్లాసు పిల్లలకి ఫోల్డర్ ఎలా చెయ్యాలో చెబుతాను. అదే నా కోడింగ్.

మా తెలుగు చర్చిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. అది తెరుచుకునేలోపు పాస్టర్ గారి మొదటి ప్రార్థన అయిపోయేది. పోయినేడు నేనే దాంట్లో లైనక్స్ వేశాను. అప్పటి నుంచి బాగానే నడుస్తోంది. దాని ముఖ్యమైన పని పాటలు తెర మీద చూపించడం. పెద్దవాళ్ళకి పాటలు నోటికొచ్చు, వాళ్ళకి తెర అక్కర్లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలతోనే చిక్కు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అదీ సగం హిందీతో, కానీ చదవడం రాదు. అందుకని ప్రతి చరణం పైన తెలుగులో, కింద అదే చరణం హిందీ అక్షరాల్లో వేస్తాం. టైప్ చేసేది ఎవరో చెప్పక్కర్లేదు.

తెర మీద చరణాలు మార్చేది సుహాసిని అక్క. మా క్వాయర్ లీడర్, ఆసుపత్రిలో హెడ్ నర్సు. పాడుతూనే చేతిలో ఫోన్‌తో మారుస్తుంది. ఆ పాటల ప్రోగ్రామ్‌కి ఒక చిన్న వెబ్ పేజీ ఉంటుంది. చర్చి వైఫైలో ఉన్న ఏ ఫోన్‌లో అయినా అది తెరుచుకుంటుంది. ఏ పాట పేరు మీద వేలు పెడితే తెర మీద ఆ పాట వస్తుంది. దానికి ఒకసారి పాస్‌వర్డ్ పెట్టి చూశాం. పాట సగంలో సుహాసిని అక్క నాకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ ఏంటని అడిగింది, మైకు ముందే. దాంతో తీసేశాం. ఇక వైఫై పాస్‌వర్డ్ అంటారా, లాక్‌డౌన్ నాటి నుంచి అది సంఘంలో అందరికీ తెలుసు.

కొన్ని వారాల క్రితం ఒక ఆదివారం పాస్టర్ గారు పశ్చాత్తాపం గురించి చెబుతున్నారు. మంచి పట్టులో ఉన్నారు, ముందు వరుసలో ఒకామె కళ్ళు తుడుచుకుంటోంది కూడా. ఉన్నట్టుండి తెర మీద "భోజనములు సిద్ధముగా ఉన్నవి" అని వచ్చింది. వెనక నాలుగు వరుసలు లేచి నిలబడ్డాయి. కొంతమంది చెప్పుల దాకా వెళ్ళిపోయారు. సుహాసిని అక్క తన ఫోన్ పైకెత్తి చూపించింది, నేను ముట్టుకోలేదు అన్నట్టు.

కూటం అయ్యాక డేనియల్ గారు నన్ను పిలిచారు. ఆయన మా సంఘ కార్యదర్శి. రైల్వేలో సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యారు. ఏ విషయమైనా సిగ్నల్ దగ్గరికీ గేటు దగ్గరికీ తీసుకెళ్ళి అర్థం చేసుకుంటారు.

"అమ్మా జ్యోతీ, ఎవరో బయటి వాళ్ళు మన సిస్టమ్‌లోకి వచ్చేస్తున్నారు. ఫైర్‌వాల్ అని ఉంటుందటగా. అది పెట్టించు."

"పెట్టించడం ఏంటండీ, పెట్టేది నేనేగా."

"అదేనమ్మా. గేటు లాంటిదే కదా అది? బండి వచ్చేటప్పుడు వేస్తాం, పోయాక తీస్తాం."

"ఇది ఎప్పుడూ వేసే ఉంటుందండి. మనం ఎవరిని రానివ్వమంటే వాళ్ళకే తీస్తుంది."

"మరీ మంచిది. ప్రసన్న పెళ్ళికి ముందే పెట్టెయ్. ఆ రోజు ఏ గందరగోళం కాకూడదు."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. ప్రసన్న సుహాసిని అక్క దగ్గర పనిచేసే నర్సు. తండ్రి లేడు. సొంత అక్క రూతు మస్కట్‌లో నర్సు, చెల్లెలి పెళ్ళికి ఎంత అడిగినా సెలవు ఇవ్వలేదు. పెళ్ళి అంతా లైవ్‌లో చూస్తానని నాతో ముందే మాట తీసుకుంది. "దీదీ, ఒక్క నిమిషం కూడా కట్ కాకూడదు" అంది. ఆ లైవ్ వెళ్ళేది కూడా ఈ కంప్యూటర్ నుంచే. పైగా పెళ్ళికొడుకు వాళ్ళు రాజమండ్రి వాళ్ళు, మా చర్చిని మొదటిసారి చూడబోతున్నారు. కాబట్టి పరువు విషయం.

పెళ్ళికి ముందు రోజు శుక్రవారం. స్కూల్లో రోజంతా పేపర్లు దిద్ది, ఏప్రిల్ ఎండలో స్కూటీ మీద నేరుగా చర్చికి వెళ్ళాను. సీటు పెనంలా ఉంది. మా కంప్యూటర్ పాస్టర్ గారు నిలబడి చెప్పే పుల్పిట్ పక్కన ఒక చెక్క బీరువాలో ఉంటుంది. తలుపు తీస్తే పొయ్యి తెరిచినట్టు వేడి కొట్టింది.

నిజానికి పని చిన్నదే. లైనక్స్‌లో ఫైర్‌వాల్ ప్రోగ్రామ్ ముందే ఉంటుంది, మనం నిద్ర లేపాలి, అంతే. నల్ల తెర తెరిచి, బయటి నుంచి వచ్చేవన్నీ ఆపెయ్ అని ఒక లైను. లోపలి నుంచి వెళ్ళేవి పోనివ్వు అని ఇంకో లైను, లైవ్ ఆగకూడదు కదా. మూడో లైనులో, సుహాసిని అక్క ఫోన్‌ని మాత్రం పాటల పేజీకి రానివ్వు అని. ఆవిడ డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగింది. ఆవిడ ఫోన్ చూశాను, వైఫై దానికి చివర ఏడు ఉన్న అడ్రస్ ఇచ్చింది. ఆ ఏడుని రాసుకుని లైనులో పెట్టాను. తర్వాత ఫైర్‌వాల్ ఆన్ చేశాను, ఆఫ్ చేసి చూశాను, మళ్ళీ ఆన్ చేశాను. నా ఫోన్‌లో పేజీ తెరుచుకోలేదు. సుహాసిని అక్క ఫోన్‌లో తెరుచుకుంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఏడాదంతా పిల్లలకి ఆ పాఠం చెబుతాను గానీ సొంతంగా పెట్టింది అదే మొదటిసారి.

"ఇంక నేను తప్ప ఎవరూ ముట్టుకోలేరా?" అంది అక్క.

"ఎవరూ ముట్టుకోలేరు అక్కా. నేను కూడా."

ఇంతటితో ఇంటికి పోవాల్సింది. కానీ పెళ్ళి పాట హిందీ అక్షరాల్లో టైప్ చేయడం మిగిలి ఉంది. కీబోర్డు హిందీకి మార్చి అదంతా కొట్టాను. పాటల వరుసలో అదే వారం జరిగిన ఒక పెద్దాయన భూస్థాపన కూటం కూడా అలాగే ఉంది, పెళ్ళి కూటానికి సరిగ్గా పైన. దాన్ని తీసేద్దామనుకున్నాను. తల తిరుగుతోంది, నీళ్ళ సీసా ఖాళీ అయిపోయింది. అదేం చేస్తుందిలే, సోమవారం తీద్దాం అనుకుని తలుపు వేసి వచ్చేశాను.

ఆ రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. ఏప్రిల్‌లో ఇక్కడ మామూలే. నేను హాయిగా నిద్రపోయాను. చర్చిలో వైఫై డబ్బా ఆగి మళ్ళీ మొదలైందన్న ఆలోచన నాకు రాలేదు. మొదలైతే ఏమవుతుందంటే, అది ఫోన్లకి అడ్రస్‌లు కొత్తగా పంచుతుంది. ఆసుపత్రి ఓపీలో టోకెన్లు ఇచ్చినట్టు. నిన్న ఏడో నంబర్ మీదైతే ఇవాళ కూడా మీదే అవ్వాలని లేదు. ఈ సంగతి నాకు తెలియదని కాదు. ఎనిమిదో క్లాసుకి నేనే చెబుతాను, పరీక్షలో కూడా ఇస్తాను.

శనివారం చర్చి నిండిపోయింది. పండరీ బజారులో కొన్న కొత్త చీర కట్టుకుని నేను నాలుగో వరుసలో కూర్చున్నాను, ఆ రోజుకి నా పని అయిపోయిందన్న ధైర్యంతో. కూర్చునే ముందే బీరువా దగ్గర లైవ్ మొదలుపెట్టాను, రూతు నుంచి "కనిపిస్తోంది దీదీ, అందరూ కనిపిస్తున్నారు" అని మెసేజ్ వచ్చింది, పక్కన ఏడుపు బొమ్మ. ఫోన్ పర్సులో పెట్టేశాను. సుహాసిని అక్క మాత్రం చివర్లో వచ్చింది. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే టాటీబంధ్ చౌరస్తాలో లారీలు అడ్డం పడ్డాయట. నేరుగా క్వాయర్‌లోకి వెళ్ళి నిలబడింది.

పెళ్ళికూతురు గుమ్మం దగ్గరికి వచ్చింది. అందరం లేచాం. పాట మొదలైంది. మొదటి చరణం తెర మీద ఉంది, నేనే పెట్టి వచ్చాను. మొదటి చరణం అయిపోయింది. తెర మారలేదు. పెద్దవాళ్ళు రెండో చరణానికి వెళ్ళిపోయారు. పిల్లలూ కుర్రవాళ్ళూ తెర చూసి మళ్ళీ మొదటి చరణమే పాడారు. రెండు పాటలు ఒకేసారి నడుస్తున్నట్టు ఉంది. సుహాసిని అక్క ఫోన్‌ని వేలితో పొడుస్తోంది, నా వైపు చూస్తోంది, మళ్ళీ పొడుస్తోంది. పెదాలతో "రావట్లేదు" అంది.

ప్రసన్న నడుస్తూనే ఉంది. పాపం, పాట చరణాన్ని బట్టి నడవమని రిహార్సల్‌లో చెప్పారు. ఏ చరణాన్ని బట్టి నడవాలో తెలియక దారి మధ్యలో ఆగిపోయింది.

అప్పుడు తెర మారింది. హమ్మయ్య అనుకున్నాను. చదివాను.

"భూస్థాపన కూటము. బంధుమిత్రులు వరుసగా వచ్చి చివరి చూపు చూసుకొనవలెను."

పైన తెలుగులో, కింద హిందీ అక్షరాల్లో, ఎవరికీ ఏ అనుమానం లేకుండా. మేం చేసిన పద్ధతి అంత మంచిది. రాజమండ్రి వాళ్ళ వరుసలన్నీ ఒక్కసారి తెర వైపు చూసి, తర్వాత పెళ్ళికూతురి వైపు చూశాయి. పెళ్ళికొడుకు మేనత్త అనుకుంటా, పక్కావిడని గట్టిగానే అడిగింది, "ఇక్కడి పద్ధతేమోనండీ?"

నేను పరుగెత్తాను. చీరతో, ఎత్తు చెప్పులతో, పూల స్టాండ్ల వెనక నుంచి వంగి వంగి వెళ్ళి బీరువా తలుపు తీశాను. కంప్యూటర్ దగ్గర కూర్చుంటే ఫైర్‌వాల్ మనల్ని ఏమీ అనదు కదా, అది బయటి వాళ్ళకే. మౌస్‌తో పెళ్ళి పాట రెండో చరణం పెట్టాను. ప్రసన్న మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. ఊపిరి తీసుకునే లోపు తెర మళ్ళీ భూస్థాపనకి వెళ్ళిపోయింది. నేను పెళ్ళికి మార్చాను. అది చావుకి మార్చింది. నేను పెళ్ళి. అది చావు. ఎవరో అటు కూర్చుని నాతో పోటీ పడుతున్నట్టే ఉంది. వీడియో తీసే అబ్బాయి కెమెరా భుజం మీద పెట్టుకునే నా పక్కకి జరిగి మెల్లగా అడిగాడు.

"కా హోగే దీదీ?"

ఏమైందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. కుఛ్ నహీ భైయా, మీరు పెళ్ళికూతుర్ని తియ్యండి అన్నాను. నిజంగానే ఎవడో దొంగ లోపలికి వచ్చాడనుకున్నాను. నేను గోడ కట్టాను, ఆ గోడలో ఉన్న ఒకే ఒక తలుపు వాడికి దొరికింది. పీకేద్దామని చెయ్యి వైరు దాకా వెళ్ళింది. వైరు పీకితే లైవ్ పోతుంది. రూతు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఒకటే దారి కనబడింది. ఫైర్‌వాల్ ఆపేస్తే, సుహాసిని అక్క ఫోన్ పనిచేస్తుంది, ఆవిడా నేనూ కలిసి ఆ దొంగతో పోరాడొచ్చు. తెలివైన ఆలోచన అనను. ఆ క్షణానికి అదే తట్టింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా దగ్గర కంప్యూటర్‌కి ఒక తెర, ప్రొజెక్టర్‌కి ఒక తెర అని వేరుగా లేవు. ఒకే వైరుని రెండుగా చీల్చి పెట్టాం. నాకు కనబడేదే అందరికీ కనబడుతుంది. ఆ కంగారులో అది మర్చిపోయి నల్ల తెర తెరిచాను.

ఈలోగా ప్రసన్న ఎలాగో ముందుకి చేరింది. పాట ఆగింది. పాస్టర్ గారు మంచివారు, దేన్నీ చూడనట్టు ప్రమాణాలు మొదలుపెట్టేశారు. వెనక గోడంతా నల్లగా ఉంది. నేను పైకి బాణం నొక్కాను, నిన్నటి లైన్లు ఒక్కొక్కటి వస్తాయి కదా. ఫైర్‌వాల్‌నే ఆపెయ్ అన్న లైను దొరికింది. ఎంటర్ కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను.

లైనక్స్‌లో పాస్‌వర్డ్ కొడితే చుక్కలు కూడా కనబడవు. తప్పు కొడితే మాత్రం మర్యాదగా ఇంగ్లీషులో ఒక ముక్క చెబుతుంది.

అదే సమయానికి పాస్టర్ గారు అడిగారు. "ఈమెను నీ భార్యగా స్వీకరించుటకు ఇష్టపడుచున్నావా?"

పెళ్ళికొడుకు సిగ్గుపడే మనిషి. మైకుకి దూరంగా నిలబడి గొణిగాడు, "ఇష్టపడుచున్నాను."

తెర మీద, ఇద్దరి తలల పైన, తెల్ల అక్షరాల్లో వచ్చింది: సారీ, ట్రై అగైన్.

ముందు వరుసల్లో నవ్వు మొదలైంది. పెళ్ళికొడుకు వెనక్కి తిరిగి చదివాడు. నిజంగానే తనతోనే అన్నారనుకున్నాడు పాపం. మైకు దగ్గరికి జరిగి ఇంకొంచెం గట్టిగా అన్నాడు, "ఇష్టపడుచున్నానండి."

నేను తల బీరువాలో పెట్టి ఉన్నాను, ఇవేవీ చూడలేదు, తర్వాత వాళ్ళూ వీళ్ళూ చెబితే తెలిసింది. పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టాను, ఈసారి నిదానంగా, ఒక్కో అక్షరం.

సారీ, ట్రై అగైన్.

ఇప్పుడు చర్చి మొత్తం నవ్వింది. రాజమండ్రి మేనత్త కూడా. పెళ్ళికొడుకు ఈసారి వెనక్కి తిరగలేదు. మైకు చేత్తో పట్టుకుని, ఊరవతల ధర్సీవా దాకా వినిపించేలా చెప్పాడు. అంత గట్టిగా ఇష్టపడ్డ పెళ్ళికొడుకుని మా సంఘంలో ఎవరూ చూసి ఉండరు.

మూడోసారి కూడా తప్పే. మూడు తప్పులయ్యాక అది ఇంక అడగనని చెప్పి మూసుకుంది. మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ అని ఆ లెక్క కూడా తెర మీద వేసింది. నా ఫోన్ పర్సులో గిలగిలలాడింది. రూతు. "దీదీ, మనం హ్యాక్ అయ్యామా? మరిదిగారు ఎందుకు అన్నిసార్లు చెప్పారు?"

తల ఎత్తి చూస్తే తెర మూలన చిన్నగా హిందీ గుర్తు. నిన్న పెళ్ళి పాట టైప్ చేశాక కీబోర్డుని ఇంగ్లీషుకి తిప్పడం మర్చిపోయాను. మూడుసార్లూ పాస్‌వర్డ్ దేవనాగరిలో కొట్టాను. పైన లైను బాణంతో తెచ్చుకున్నాను కాబట్టి అనుమానం రాలేదు. తిప్పాను, కొట్టాను, తీసుకుంది. నల్ల తెర మూసేశాను. అప్పుడు మాత్రం ఒక మంచి పని చేశాను. పాటల వరుసలోంచి భూస్థాపన కూటం మొత్తం తీసి పారేశాను. ఇక ఎవరు ఏం నొక్కినా పెళ్ళే వస్తుంది. నిన్నే చేసి ఉంటే అర నిమిషం పని.

కూటం అయ్యేవరకూ అక్కడే బీరువా పక్కన చతికిలబడి కూర్చున్నాను. లేవడానికి మొహం లేదు. పాస్టర్ గారు వాక్యం చెప్పడానికి లేచారు. రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను. అయిపోయాను అనుకున్నాను. ఆయన తెర వైపు చెయ్యి చూపించి మొదలుపెట్టారు.

"ఇవాళ ఈ పిల్లలకి నేను చెప్పాల్సింది ఇందాకే తెర మీద వచ్చేసింది. సంసారంలో రోజుకి ఎన్నిసార్లు పనికొస్తుందో మీ అందరికీ తెలుసు. ముందు సారీ. ఆ తర్వాత ట్రై అగైన్. రెండిట్లో ఏది మానేసినా ఇల్లు నిలబడదు."

దాని మీదే మొత్తం వాక్యం చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే, పెళ్ళికొడుకు తండ్రి ఫోన్‌లో రాసుకున్నారు. ప్రసన్న ఏడుస్తూ నవ్వింది. ఆ అమ్మాయి నవ్వడం చూశాకే నాకు గుండె కాస్త కుదురుకుంది.

భోజనాల దగ్గర ఒక మూల కూర్చున్నాను, ఎవరి కంటా పడకుండా. పడ్డాను. పెళ్ళికొడుకు తల్లి వచ్చి నా పక్కనే నిలబడింది.

"ఆ తెర మీద ఇంగ్లీషు మాట మీరు పెట్టిందేనటగా అమ్మా. మా చర్చిలో కూడా పెళ్ళిళ్ళకి అలాగే వేయిస్తామండి. ఎలా చేస్తారో మావాళ్ళకి చెప్పండి."

వివరించే ఓపిక లేదు. తప్పకుండా పంపిస్తానండి అన్నాను.

ఆవిడ అటు వెళ్ళగానే డేనియల్ గారు ప్లేటు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. తిడతారనుకుని తల వంచుకున్నాను. ఆయన సంతోషంగా ఉన్నారు.

"ఫైర్‌వాల్ బాగా పెట్టావమ్మా. అందరి ఫోన్లలో ఆగిపోయిందటగా. సుహాసిని కూడా చెప్పింది. నా దాంట్లో మాత్రం చక్కగా వచ్చింది."

అన్నం ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "మీ దాంట్లో ఏం వచ్చిందండీ?"

"పాటల పుస్తకం. కళ్ళ ఆపరేషన్ అయ్యాక నాకు ఆ తెర సరిగ్గా ఆనడం లేదని సుహాసిని ఫోన్‌లో పెట్టిచ్చింది. పేరు మీద నొక్కితే పాట వస్తుంది." ఫోన్ తీసి చూపించారు. అదే పేజీ. సుహాసిని అక్క ఫోన్‌లో ఉండేదే. "కాకపోతే ఇవాళ కొంచెం విసిగించింది. వివాహ కూటము, భూస్థాపన కూటము కిందా పైనా ఉన్నాయి, వేలు దాని మీద పడిపోతోంది. సరిచేద్దామని నేను నొక్కుతుంటే అదంతట అదే మారిపోతోంది. నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది."

ఆయన ఫోన్ అడ్రస్ చూశాను. చివర ఏడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేయించింది ఆయనే. టోకెన్ ఆయనకి దక్కింది. సంఘం మొత్తంలో నా ఫైర్‌వాల్ ఒకే ఒక మనిషిని లోపలికి రానిచ్చింది, ఆ మనిషి ఈయన.

ఒక అనుమానం వచ్చి అడిగాను. "డేనియల్ గారూ, ఆ పశ్చాత్తాపం ఆదివారం వాక్యం మధ్యలో కూడా ఏమైనా నొక్కారా?"

"వాక్యం మధ్యలో పాటలెందుకమ్మా. భోజనాలు ఎప్పుడో చూద్దామని ఒకసారి నొక్కాను, అంతే." అని చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఇంతకీ ఆ బయటి వాడెవడో తెలిసిందా?"

ఏం చెప్పను? డెబ్భై దాటిన మనిషి, సంఘం కోసం పొద్దున్నుంచి ఎండలో నిలబడిన మనిషి. చెబితే ఆయన ఇంకెప్పుడూ ఫోన్ ముట్టుకోరు, పాడడమూ మానేస్తారు. ఇంకా వెతుకుతున్నానండి అన్నాను. మీ పుస్తకంలో అక్షరాలు పెద్దవి చేసిస్తానని ఫోన్ తీసుకుని, ఆ పేజీ తీసేసి, పాటలన్నీ లావు అక్షరాల్లో ఉన్న ఫైలు ఒకటి పెట్టిచ్చాను. తెరిచి చూసుకుని చాలా మురిసిపోయారు. ఇది దానికంటే బాగుంది, ఊరికే మారిపోవట్లేదు అన్నారు.

చేతులు కడుక్కుని బీరువా దగ్గరికి వెళ్ళాను. ఫైర్‌వాల్‌ని మళ్ళీ సరిగ్గా పెడదామా అని కాసేపు చూశాను. వైఫై డబ్బాలో సుహాసిని అక్క ఫోన్‌కి అదే నంబర్ ఎప్పటికీ ఉండేలా కట్టెయ్యాలి, మళ్ళీ లైన్లు రాయాలి, మళ్ళీ ఆవిడని పిలిచి చూడాలి. చీర చెమటకి వీపుకి అంటుకుపోయింది. తలుపు వేసి ఇంటికి వచ్చేశాను.

కాబట్టి ఇప్పుడు మా చర్చి కంప్యూటర్‌కి ఏ కాపలా లేదు. దారినపోయే వాళ్ళు వచ్చి ఏ పాటైనా మార్చుకోవచ్చు. ఈ ఆదివారం కూటం చక్కగా జరిగింది, ఒక్క చరణం కూడా అటూ ఇటూ కాలేదు. చివర్లో ప్రకటనలప్పుడు డేనియల్ గారు లేచి, జ్యోతి ఫైర్‌వాల్ పెట్టినప్పటి నుంచి మన సిస్టమ్ ఎంత భద్రంగా ఉందో చూశారు కదా అని నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. వచ్చే నెల బిలాస్‌పూర్ చర్చికి కూడా నేనే వెళ్ళి పెట్టాలట.